రెండు వైద్యాలు, మధ్యలో సముద్రం: అండమాన్ నికోబార్ దీవుల్లో క్యాన్సర్ రోగికి ఆయుర్వేద సహాయక చికిత్స

క్యాన్సర్ చికిత్స పొందుతున్న రోగికి ఆయుర్వేదం తోడ్పడగలదా అన్న ప్రశ్నను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే దానికి అవునని గాని కాదని గాని బదులు చెప్పడం కుదరదు. ఏ క్యాన్సర్, చికిత్స ఏ దశలో ఉంది, రోగిని బాధిస్తున్నది ఏమిటి, ఇవ్వదలచిన మందు ఏ రూపంలో ఎంత మోతాదులో లోపలికి వెళుతుంది, ఆ సంగతి క్యాన్సర్ వైద్యుడికి తెలుసా లేదా అని విడదీసి అడిగినప్పుడే పరిశోధన ఆధారంగా సమాధానం దొరుకుతుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ విభజనకు మరొక అంశం చేరుతుంది: చికిత్స మొదలుపెట్టిన వైద్యుడికీ రోగికీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైబడిన సముద్రం ఉంటుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నై దాదాపు 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నం 1,200, కోల్‌కతా 1,255. ఓడలో అయితే రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్‌లోని జీ.బీ.పంత్ ఆస్పత్రి ద్వీపసమూహానికంతటికీ పెద్దాస్పత్రి కాగా, క్లిష్టమైన క్యాన్సర్ శస్త్రచికిత్సకూ రేడియోథెరపీకీ ద్వీపవాసులు మెయిన్‌ల్యాండ్‌గా పిలుచుకునే ప్రధాన భూభాగానికి రోగులను పంపడం దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి. అక్కడి చికిత్స ఖర్చులో సాయపడేందుకు ద్వీప పాలనా యంత్రాంగం ‘అనిషి’ అనే ఆరోగ్య బీమా పథకాన్ని కూడా నడుపుతోంది.

కీమోథెరపీని, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులను, సాధారణంగా మూడు వారాలకొక విడత చొప్పున ఇస్తారు. ఒక విడత ముగించుకుని ఇంటికి చేరిన రోగికి ఆ మూడు వారాల్లో వాంతులు, నోటి పుండ్లు, నిస్సత్తువ, విరేచనాలో మలబద్ధకమో వస్తాయి. మందు రాసిచ్చిన వైద్యుడు అందుబాటులో ఉండడు. అందుబాటులో ఉండేది స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆయుష్ వైద్యుడు, ఇంట్లోని పెద్దలకు తెలిసిన కషాయం. కనుక ద్వీపాల్లో ఆయుర్వేద సహాయక చికిత్స కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు, దూరం వల్ల తనంతట తానే ఏర్పడిపోయే ఏర్పాటు. అది తెలిసి జరుగుతుందా, తెలియకుండా జరుగుతుందా అన్నదే ఈ సమీక్షకు అసలు విషయం.

మాటల వాడకంలో మూడు భావాలను వేరుగా ఉంచుకోవలసి ఉంది. శస్త్రచికిత్సనూ కీమోథెరపీనీ మానేసి వాటి స్థానంలో మరొక వైద్యం చేయించుకోవడం ప్రత్యామ్నాయ చికిత్స. వాటిని కొనసాగిస్తూ పక్కన మరొకటి తీసుకోవడం అనుబంధ చికిత్స. ఇద్దరు వైద్యులూ ఒకరి మందులు ఒకరు తెలుసుకుని, ఒకే రికార్డు ముందు పెట్టుకుని చేసేది సమీకృత చికిత్స. అమెరికా జాతీయ క్యాన్సర్ సమాచార నిధి ఆధారంగా 2018లో వెలువడిన రెండు అధ్యయనాలు ఈ తేడాకు ప్రాణాల లెక్కలో ఎంత విలువ ఉందో చూపించాయి. నయం కాగల క్యాన్సర్లలో ప్రత్యామ్నాయ చికిత్సనే నమ్ముకున్న 281 మందిలో మరణ ముప్పు ఇతరులతో పోలిస్తే రెండున్నర రెట్లు ఉంది. అనుబంధ చికిత్స కూడా తీసుకున్న 258 మందిలో అది రెండు రెట్లు ఉంది. అయితే ఆ పెరుగుదలకు కారణం వారు వాడిన మూలికలు కాదు, వారిలో చాలామంది శస్త్రచికిత్సనో కీమోథెరపీనో రేడియోథెరపీనో హార్మోను చికిత్సనో మధ్యలో నిరాకరించడం. అనుబంధంగా మొదలైనది ఎవరూ గమనించనప్పుడు మెల్లగా ప్రత్యామ్నాయంగా మారుతుందన్నమాట. మరుసటి విడత కోసం మళ్లీ ఓడో విమానమో ఎక్కవలసిన ద్వీపవాసికి, ఇంటి దగ్గర కాస్త ఉపశమనం కలిగించిన మందు ఆ ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడానికి సాకు కావడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం.

ఆయుర్వేద గ్రంథాల్లో క్యాన్సర్ ఉందా అన్న చర్చ చాలాకాలంగా సాగుతున్నది. సుశ్రుత సంహిత నిదానస్థానం పదకొండో అధ్యాయం అర్బుదాన్ని గుండ్రంగా, కదలకుండా, కొద్దిపాటి నొప్పితో, లోతైన వేళ్లతో, నెమ్మదిగా పెరిగే, చీము పట్టని మాంసపు గడ్డగా వర్ణించి, ఒకచోట పుట్టిన దానిపైనే మరొకటి పుడితే అధ్యర్బుదమనీ, జంటగా పుడితే ద్విరర్బుదమనీ పేర్లు పెట్టింది. రక్తార్బుద మాంసార్బుదాలను అసాధ్యాలుగా చెప్పింది. వర్ణన నిశితమైనదే. కాని సూక్ష్మదర్శినితో కణజాలాన్ని పరీక్షించే బయాప్సీ లేని కాలంలో ఆ పేరు కింద మామూలు కొవ్వుగడ్డలూ ప్రాణాంతకమైన గడ్డలూ కలిసే ఉండి ఉంటాయి కనుక, అర్బుదానికి చెప్పిన యోగాలన్నీ క్యాన్సర్ మందులేనని తీర్మానించడం ఆ గ్రంథకర్తలకు కూడా న్యాయం చేయదు. సహాయక చికిత్స దృష్టితో చూస్తే ఆయుర్వేదం అందించగల సరుకు అర్బుద ప్రకరణంలో కంటే ముఖరోగాల్లో, అజీర్ణ ప్రకరణాల్లో, క్షయ శోషలకు చెప్పిన ఆహార విధుల్లో ఎక్కువగా ఉంది.

వీటిలో నోటి వ్యాధుల సంగతి ద్వీపాల్లోని తెలుగువారికి కూడా దగ్గరగా సంబంధించినది. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల జనాభా 3.8 లక్షలు, అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకూ కూలి పనులకూ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన కుటుంబాలు వారిలో అధికం. ద్వీపాల్లో వక్క ముఖ్యమైన తోటపంట. పొగాకుతో కలిపి గాని విడిగా గాని వక్క నమలడం అన్ని భాషలవారికీ ఉన్న అలవాటు. పొగాకు ఏదో ఒక రూపంలో వాడేవారు ద్వీపాల పురుషుల్లో సగానికి మించి ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలపని తాంబూలాన్నీ, ఉత్త వక్కనూ కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చి ఇరవై ఏళ్లు దాటింది. పొగాకు లేకపోతే వక్క నిరపాయకరమనే నమ్మకం, భోజనానంతర తాంబూలానికి వైద్య గ్రంథాలు ఇచ్చిన ప్రశస్తితో బలపడి, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నోటి క్యాన్సర్ రోగి వద్దకు వచ్చే ఆయుర్వేద వైద్యుడు మొట్టమొదట చేయగల మేలు, ఏ మందూ ఇవ్వకముందే, ఆ నమ్మకాన్ని తన శాస్త్రం పేరుతోనే తొలగించడం.

నోటి, గొంతు క్యాన్సర్లకు రేడియోథెరపీని సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు, ఏడు వారాల పాటు ఇస్తారు. రెండో వారం నుంచి నోటి లోపలి పొర ఎర్రబడుతుంది, మూడో వారానికి తెల్లని పొరతో పుండ్లు తేలతాయి, నాలుగో వారానికి చాలామంది గంజి కూడా మింగలేరు. మ్యూకోసైటిస్ అనే ఈ స్థితి వల్లనే రోగులు బరువు తగ్గి, సిట్టింగులు మధ్యలో ఆపి, చివరకు చికిత్స ఫలితాన్నే పోగొట్టుకుంటారు. ఆయుర్వేదంలో దీనికి దగ్గరగా వచ్చే విధానాలు రెండు: ద్రవాన్ని నోటినిండా పట్టి కదలకుండా ఉంచి ఉమ్మేయడం గండూషం, నోట్లో పుక్కిలించి ఉమ్మేయడం కవళం. మింగడం లేనందున మందు రక్తంలోకి చేరే పరిమాణం తక్కువ; కీమోథెరపీ మందులతో ఢీకొనే అవకాశమూ తక్కువ. ఆయుర్వేద సహాయక చికిత్సల్లో ఆధారానికీ భద్రతకూ మధ్య పొంతన ఇంతగా కుదిరిన చోటు మరొకటి లేదని చెప్పవచ్చు.

మంగళూరులో తల, మెడ క్యాన్సర్ రోగుల మీద జరిగి 2014లో వెలువడిన పరిశోధనలో పసుపు నీటితో పుక్కిలించినవారికి, పోవిడోన్ అయోడిన్ ద్రవం వాడినవారి కంటే నోటి పుండ్లు ఆలస్యంగా వచ్చాయి, తీవ్రత తగ్గింది, చికిత్స మధ్యలో ఆగిన సందర్భాలూ తగ్గాయి. జామ్‌నగర్ ఆయుర్వేద పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం యష్టిమధు, అంటే అతిమధురం చూర్ణాన్ని తేనెతో వాడి అటువంటి ఫలితమే చూపింది. తేనె విషయంలో ఆధారం మరింత గట్టిది: క్యాన్సర్ సహాయక చికిత్సా నిపుణుల అంతర్జాతీయ సంఘం 2020 మార్గదర్శకాల్లో తల, మెడ రేడియోథెరపీ రోగులకు తేనెను సూచించింది. అయితే లాలాజలం ఎండిపోయిన నోట్లో తేనె పళ్లను తినేస్తుంది కనుక దంతవైద్యుడి పరీక్ష ముందే జరగాలి, మధుమేహం ఉన్నవారికి లెక్క వేరు. పసుపు పరిశోధనలకు ఒక లోపం స్వభావసిద్ధంగానే ఉంది. రంగు దాగదు కనుక రోగికి తాను వాడుతున్నదేమిటో తెలియకుండా ఉంచడం కష్టం, తెలిసినప్పుడు నొప్పి గురించిన మాటలో ఆశ కూడా కలుస్తుంది. ఈ పరిమితి ఒప్పుకుంటూనే, ఉప్పు, సోడా నీటి పుక్కిలింతలతో పాటు ఇటువంటి కవళాన్ని క్యాన్సర్ వైద్యుడికి చెప్పి వాడుకోవడంలో అభ్యంతరం కనిపించదు. మెయిన్‌ల్యాండ్‌లో ఆరు వారాలు అద్దె గదిలో ఉండి చికిత్స చేయించుకునే ద్వీపవాసికి చవకగా, చేతికందేటట్టుగా ఉండటం కూడా చిన్న గుణం కాదు.

వికారం, వాంతుల విషయంలో శొంఠికి చెప్పుకోదగిన పరీక్ష జరిగింది. అమెరికాలో 576 మంది రోగుల ఫలితాలతో 2012లో వెలువడిన అధ్యయనంలో, వాంతుల నివారణ మందులు మానకుండా వాటితో పాటే, కీమోథెరపీకి కొన్ని రోజుల ముందు నుంచి శొంఠి గుళికలు తీసుకున్నవారికి మొదటి రోజు వికారం తగ్గింది. రోజుకు అర గ్రాము, ఒక గ్రాము మోతాదులు ఎక్కువ మేలు చేశాయి, ఒకటిన్నర గ్రాము అంతకంటే మేలు చేయలేదు. ఎక్కువ వేస్తే ఎక్కువ గుణమనే ఇంటి వైద్యపు అంచనాకు ఇది మంచి సవరణ. నిస్సత్తువకు పెన్నేరు, అంటే అశ్వగంధ వాడి మలేషియాలో వంద మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మీద చేసిన 2013 నాటి అధ్యయనం అలసట తగ్గిందని చెప్పింది. కాని అందులో రోగులను యాదృచ్ఛికంగా విభజించలేదు, ఉత్తుత్తి మందుతో పోల్చలేదు కనుక దాన్ని సూచనగా తీసుకోవాలే గాని రుజువుగా కాదు. పైగా అశ్వగంధ వల్ల కాలేయం దెబ్బతిన్న సంఘటనలు కొన్ని ఐస్‌లాండ్, అమెరికాల నుంచి 2020లో నమోదయ్యాయి. మందు లోపలికి పోని యోగాసన ప్రాణాయామాలకు అలసట, ఆందోళన, నిద్రలేమి విషయంలో ఆధారం దీనికంటే బలంగా ఉంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా వాటిని సిఫారసు చేస్తున్నాయి.

లోపలికి తీసుకునే మందుల దగ్గరికి వచ్చేసరికి సమస్య స్వరూపం మారుతుంది. కీమోథెరపీ మందుల్లో చాలావాటికి మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. కాలేయంలోని ఎంజైములు వాటిని ఎంత వేగంగా విరిచేస్తాయన్న దాని మీద రక్తంలో మందు పరిమాణం ఆధారపడుతుంది. ఆ ఎంజైములను నెమ్మదింపజేసే మూలిక సాధారణంగా కీమోథెరపీని విషం చేస్తుంది, వేగిరపరిచేది దాన్ని నీరుగారుస్తుంది. ఆయుర్వేద యోగాల్లో అడుగడుగునా కనిపించే త్రికటువులో, అనగా శొంఠి, పిప్పళ్లు, మిరియాల మిశ్రమంలో, పిప్పళ్లకూ మిరియాలకూ పైపరిన్ అనే పదార్థం ఉంది. 1998లో బెంగళూరు పరిశోధకులు పైపరిన్ తోడైతే మనుషుల్లో పసుపులోని కర్‌క్యుమిన్ రక్తంలోకి చేరడం ఇరవై రెట్లు పెరుగుతుందని చూపించారు. ఒక మందు ఒంటికి పట్టేటట్టు చేయడానికి త్రికటువు వేయమన్న పూర్వుల సలహాకు అది సమర్థనే. అయితే పైపరిన్ ఎవరి మందు, ఏ మందు అని ఎంచి పనిచేయదు. నెదర్లాండ్స్‌లో 16 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల మీద 2019లో జరిగిన అధ్యయనంలో, కర్‌క్యుమిన్ పైపరిన్‌తో కలిపి తీసుకున్నప్పుడు, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి వేసుకునే టామాక్సిఫెన్ నుంచి శరీరంలో తయారయ్యే అసలు క్రియాశీల పదార్థం సుమారు 12 శాతం తగ్గింది. కూరలో వేసే చిటికెడు పసుపుతో ఈ భయం లేదు. రోజూ గ్రాముల లెక్కన గుళికలుగా మింగే సారంతోనే.

ఇటువంటివే మరి రెండు జతలను ద్వీపాల వైద్యులు గుర్తుంచుకోవడం మంచిది. నోటి క్యాన్సర్‌లో రేడియోథెరపీతో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల ద్వారా పొటాషియం, మెగ్నీషియం లవణాలను పోగొడుతుంది. అతిమధురాన్ని దీర్ఘకాలం మింగితే అది కూడా పొటాషియాన్ని తగ్గించి రక్తపోటును పెంచుతుంది. పుక్కిలించి ఉమ్మేసినప్పుడు మేలు చేసిన మూలికే కషాయంగా తాగినప్పుడు గుండె లయను తప్పించగలదు. గ్రంథి, అర్బుదాలకు వైద్యులు ఎక్కువగా రాసే కాంచనార గుగ్గులులోని గుగ్గులు, మందులను విరిచే ఎంజైములను ప్రేరేపించగలదని ప్రయోగశాల ఫలితాలు చెబుతున్నాయి. అదే ప్రభావం గల సెయింట్ జాన్స్ వర్ట్ అనే ఐరోపా మూలిక, ఇరినోటెకాన్ అనే కీమోథెరపీ మందు క్రియాశీల రూపాన్ని రోగుల రక్తంలో 42 శాతం తగ్గించిందని 2002లోనే నిరూపణ అయింది. గుగ్గులు విషయంలో క్యాన్సర్ రోగుల మీద అటువంటి కొలత జరిగేదాకా కీమోథెరపీ నడిచే నెలల్లో దాన్ని పక్కన పెట్టడమే వివేకం.

ద్వీపాలకు ప్రత్యేకమైన అపాయం కాలేయానికి సంబంధించినది. పోర్ట్ బ్లెయిర్‌లో 1983లో ఏర్పడిన భారత వైద్య పరిశోధన మండలి ప్రాంతీయ కేంద్రం చేసిన సర్వేల్లో హెపటైటిస్ బి వైరస్ ఉనికి నికోబారీ ఆదివాసుల్లో దాదాపు 23 శాతంగా, జారవా ఆదివాసుల్లో 65 శాతంగా తేలింది. దేశంలో మరెక్కడా కనిపించనంత అధికం ఇది. టీకాల వల్ల కొత్త తరంలో పరిస్థితి మెరుగుపడినా, నేడు క్యాన్సర్ వయసుకు వచ్చినవారు టీకాకు ముందు పుట్టినవారే. వైరస్‌ను నిద్రాణంగా మోస్తున్న మనిషికి కీమోథెరపీ ఇస్తే అది ఒక్కసారిగా విజృంభించి కాలేయాన్ని కూల్చగలదు కనుక, చికిత్సకు ముందే పరీక్ష చేసి నివారక మాత్రలు మొదలుపెట్టాలని మార్గదర్శకాలు ఆదేశిస్తాయి. అటువంటి కాలేయం మీద మూలికా మందు కూడా పడితే కామెర్లకు కారణం వైరసా, కీమోథెరపీయా, కషాయమా అని తేల్చడం పోర్ట్ బ్లెయిర్‌లోనే కష్టం, కార్ నికోబార్‌లో మరీ కష్టం. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసం దేశమంతా తాగిన తిప్పతీగ ఉదాహరణ ఇక్కడ ముఖ్యమైనది. దానివల్ల కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు 2021లో ముంబై నుంచి, 13 ఆస్పత్రుల నుంచి సేకరించిన 43 మంది వివరాలు 2022లో వెలువడ్డాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనికి అభ్యంతరం చెబుతూ, తిప్పతీగను పోలిన మరో జాతి తీగను పొరపాటున వాడి ఉండవచ్చని పేర్కొంది. ఆ వాదనే నిజమైనా రోగి కాలేయానికి ఓదార్పు లేదు. పెరట్లో కోసిన తీగ ఏ జాతిదో తేల్చేవారు లేనిచోట జాగ్రత్త మరింత పెరగాలి.

ద్వీపాల సొంత మూలికగా ప్రచారం పొందిన నోని ఫలానిదీ ఇటువంటి కథే. నికోబార్ ఆదివాసులు ఆహారంగానూ మందుగానూ చిరకాలంగా వాడుకుంటూ వచ్చిన ఈ పండు, గత రెండు మూడు దశాబ్దాల్లో సీసాల్లోకి ఎక్కి, క్యాన్సర్‌తో సహా సర్వరోగాలకూ మందుగా దేశమంతటా అమ్ముడుపోతోంది. హవాయి విశ్వవిద్యాలయ క్యాన్సర్ కేంద్రం ముదిరిన క్యాన్సర్ గల రోగులకు నోని సారాన్ని క్రమంగా పెంచిన మోతాదుల్లో ఇచ్చి 2009లో ఫలితాలు ప్రకటించింది: ఏ ఒక్కరిలోనూ గడ్డ తగ్గలేదు, కొన్ని మోతాదుల్లో అలసట, నొప్పి విషయంలో కొంత మెరుగు కనిపించింది. నోని రసంలో పొటాషియం అధికం కనుక మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి అది ప్రమాదకరం. దాని వాడకందారుల్లో కాలేయపు వాపు వచ్చిన సంఘటనలు ఆస్ట్రియాలో 2005లోనే నమోదయ్యాయి. ఒక జాతి తన అడవిలో తన పద్ధతిలో వాడుకునే పండుకూ, ఆ జాతి పేరు చెప్పి నగరంలో అమ్మే సీసాకూ మధ్య ఉన్న దూరాన్ని వైద్యులు రోగులకు విడమరచి చెప్పవలసిన అవసరం ఉంది.

పాదరసం, ఆర్సెనిక్, సీసం చేరిన రసౌషధాలు, భస్మాల మీద వాదం పాతది. ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తుల్లో ఐదింట ఒక వంతులో ఈ లోహాలు ఉన్నట్టు 2008లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. సక్రమంగా శుద్ధి చేసి, మారణం చేసిన, అంటే కాల్చి బూడిదగా మార్చిన, భస్మానికి ఆ దోషం అంటదని ఆయుర్వేద పక్షం చెబుతుంది. ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ ఒక రకం రక్త క్యాన్సర్‌కు 2000లో అమెరికాలో ఆమోదం పొంది, నేడు ఆ వ్యాధికి ముఖ్యమైన మందుల్లో ఒకటిగా నిలిచిన మాట వాస్తవమే కనుక లోహమన్నంత మాత్రాన తోసిపుచ్చడం తగదు. కాని అక్కడ మోతాదు మిల్లీగ్రాముల్లో కొలిచి, గుండె ఈసీజీని, లవణాలను పదే పదే చూస్తూ ఇస్తారు. ఏ పరీక్షా జరగని పొట్లానికి ఆ గౌరవం దక్కదు. మూత్రపిండాల మీద భారం మోపే సిస్‌ప్లాటిన్ తీసుకుంటున్న నెలల్లో లోహ ఔషధాలకు చోటు లేదు. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం ప్రకటనలను అడ్డుకుంటుంది గాని, వాట్సాప్‌లో తిరిగే సలహాను పట్టుకోలేదు.

మందుల కంటే పథ్యం దగ్గర జరిగే నష్టం తరచుగా ఎవరి లెక్కలోకీ రాదు. తెలుగు ఇళ్లలో జబ్బుమనిషికి చేపలు, గుడ్లు, వంకాయ, గోంగూర, చింతపండు మాన్పించి చారన్నం, పాలు, గంజి మీద ఉంచడం ఆనవాయితీ. క్యాన్సర్ రోగికి రోజుకు కిలో బరువుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు కావాలని ఐరోపా పోషణ నిపుణుల సంఘం నిర్ణయించింది. 50 కిలోల స్త్రీకి అది 50 నుంచి 75 గ్రాములు. వంద గ్రాముల చేప ముక్కలో దాదాపు 20 గ్రాములు ఉంటాయి. జంగ్లీఘాట్ మత్స్యకార కుటుంబంలో రోగికి అందుబాటులో ఉన్న అత్యుత్తమ ఆహారాన్ని పథ్యం పేరుతో మాన్పించి, డబ్బాలో వచ్చే ప్రోటీను పొడి కొనమనడం ఎంత అన్యాయమో వేరే చెప్పనక్కరలేదు. చరకుడు రాజయక్ష్మ చికిత్సలో చిక్కిపోతున్న రోగికి మాంసాన్నీ మాంసరసాన్నీ విస్తారంగా విధించాడు. పథ్యమంటే వ్యాధిని బట్టి, అగ్నిని బట్టి, అంటే జీర్ణశక్తిని బట్టి మారేదే గాని అందరికీ ఒకే నిషేధాల పట్టిక కాదు. ఈ మాటను ఆయుర్వేద వైద్యుడు చెబితే వినేటంత శ్రద్ధగా రోగి కుటుంబం డైటీషియన్ చెబితే వినదు. ముళ్లు తీసిన చేపను మెత్తగా ఉడికించి గంజిలో కలిపి, మిరియాలూ కారమూ లేకుండా ఇస్తే నోటి పుండ్లున్నవాడు కూడా మింగగలడు.

ఈ సమాచారమంతా ఆచరణలోకి రావడానికి ద్వీపాల్లో నిర్మాణం లేకపోలేదు. ఆయుష్ వైద్యులను ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే కూర్చోబెట్టే ఏర్పాటు 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలై, 2014 నాటి జాతీయ ఆయుష్ మిషన్‌తో కొనసాగింది. కేంద్రీయ ఆయుర్వేద విజ్ఞాన పరిశోధన మండలికి పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒకే కప్పు కింద ఇద్దరు వైద్యులున్నా, మెయిన్‌ల్యాండ్ ఆస్పత్రి ఇచ్చిన డిశ్చార్జి సమ్మరీలో ఆయుర్వేద మందుల ప్రస్తావన ఉండదు, ఆయుష్ వైద్యుడి చీటీలో కీమోథెరపీ మందుల పేర్లు ఉండవు. రోగి తనంతట తాను చెప్పడు. తిడతారన్న భయం ఒక కారణం, ఇంటి కషాయాన్ని మందుగా లెక్కించకపోవడం మరో కారణం. కనుక అడగవలసిన బాధ్యత క్యాన్సర్ వైద్యుడిదే. ఏ మందు వాడుతున్నారని కాకుండా, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేమి తాగుతున్నారు, ఏమేమి నములుతున్నారు అని అడిగితే తిప్పతీగ కషాయమూ వక్కా రెండూ బయటికి వస్తాయి. ఆయుష్ వైద్యుడి వైపు నుంచి కనీస నియమం ఒకటుంది: కీమోథెరపీ జరిగిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు అడుగంటుతాయి కనుక ఆ రోజుల్లో వచ్చే జ్వరానికి కషాయం ఇస్తూ ఎదురుచూడకూడదు. అది గంటల మీద యాంటీబయాటిక్ పడవలసిన అత్యవసర స్థితి. కార్ నికోబార్ నుంచో గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచో పోర్ట్ బ్లెయిర్ చేరడానికి హెలికాప్టర్ కోసం, వాతావరణం కోసం వేచి ఉండవలసి రావచ్చు. జ్వరం మొదలైన పూట పోగొట్టుకున్న సమయం మళ్లీ దొరకదు.

చికిత్సతో నయం చేసే అవకాశం ముగిసి, రోగిని ఇంటికి పంపిన తరువాత ఈ లెక్కలు చాలావరకు మారతాయి. కీమోథెరపీ ఆగిపోయింది కనుక మందులు ఢీకొంటాయన్న భయం సన్నగిల్లుతుంది. నొప్పి, నిద్ర, ఆకలి, మలవిసర్జన, దుర్వాసన వచ్చే పుండు, కుటుంబం అలసట అనేవే ప్రధానమవుతాయి. రోజూ ఇంటికి రాగలవాడు, స్థానిక భాష తెలిసినవాడు, తైలాభ్యంగనంతో, అంటే నూనె మర్దనతో, కొంత హాయి కలిగించగలవాడు ఈ దశలో ఎంతో విలువైనవాడు. అయితే తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్‌కు సాటిరాగల మూలిక లేదు. దాన్ని అందరికీ అందేటట్టు చేయడానికే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. మార్ఫిన్ వేసుకునే దాదాపు ప్రతి రోగికీ మలబద్ధకం వస్తుంది, దాని బాధ భరించలేక మార్ఫిన్‌నే మానేసేవారున్నారు. అక్కడ రాత్రిపూట త్రిఫల చూర్ణమో కొద్దిపాటి ఆముదమో, పేగులో అడ్డంకి లేదని వైద్యుడు నిర్ధారించాక, పూర్తిగా ఆయుర్వేదానికి చెందిన, పూర్తిగా సమంజసమైన చికిత్స. కార్ నికోబార్‌లోని బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆస్పత్రిలో గాని మాయాబందర్ ఆస్పత్రిలో గాని మార్ఫిన్ మాత్రలు నిరంతరం నిల్వ ఉండటం, వాటితో పాటు విరేచనానికి ఏం ఇవ్వాలో, రాత్రి నొప్పి పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఆ ఆస్పత్రి ఆయుష్ వైద్యుడికి ముందే తెలిసి ఉండటం, ఈ రెండూ కుదిరిననాడు ఆ రోగి చివరి నెలల్లో మళ్లీ ఓడ ఎక్కవలసిన పని ఉండదు.